కదలని బండ కౌంటర్ ముందు రోజంతా టైపింగ్: మెడ, నడుము పట్టేయకుండా ఎలా కూర్చోవాలి?

కర్నూలు_డీటీపీ

అందరికీ నమస్కారం. కర్నూల్లో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు మాది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా టైపింగే. అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు మ్యాటరు, కోర్టు కాగితాలు, అర్జీలు, మధ్యలో ఆన్‌లైన్ ఫారాలు.

కౌంటరు నాపబండది. రెండు పక్కలా నిలువు బండలు నిలబెట్టి, పైన బండ పరిచి, వెనక అంచు గోడలోకి దింపి సిమెంటు చేసినారు. నేల నుంచి బండ పైకి 30 అంగుళాలు. మందం 1 అంగుళం, లోపలికి 24 అంగుళాలు, నిలువు బండల మధ్య 36 అంగుళాలు. కాగితాలు పెట్టుకోవడానికి కింద 15 అంగుళాల ఎత్తులో ఇంకో అడ్డబండ ఉంది. అద్దె షాపు, పైబండ జోలికి పోవడానికి లేదు.

కూర్చునేది చేతుల ప్లాస్టిక్ కుర్చీ. ల్యాప్‌టాప్ 15.6 అంగుళాలది. టైపింగ్ దాని కీబోర్డు మీదే, మౌస్ మాత్రం విడిగా. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు.

మధ్యాహ్నం మూడు దాటితే కుడి భుజం నుంచి మెడ దాకా బిగుసుకుపోతుంది. రెక్కల మధ్య మంట. లేచినప్పుడు నడుము వెంటనే నిలవదు. ముంజేతుల మీద బండ అంచు గాడి పడుతుంది. మెడికల్ షాపులో నడుము బెల్టు తీసుకోమన్నారు. మంచి కుర్చీ ఒకటి కొంటే సరిపోతుందా, బెల్టు కూడా కావాలా? మొత్తం నాలుగు వేల లోపు తేలాలి. కొలతలతో చెప్తే మేలు.

ఫిజియో_కడప

అక్కా, కుర్చీ కొనే ముందు టేపు తీసుకోండి. ఏ వస్తువు ఎత్తు మార్చలేమో లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మీ దగ్గర అది పైబండ. కుర్చీ ముందు కొని తర్వాత బల్లకు సర్దుకోబోతే, ఎంత ఖరీదైన కుర్చీ అయినా భుజం నొప్పి తగ్గదు.

మీరు రాసిన దాన్ని బట్టి నాలుగు తప్పులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

మోచేయి ఉండే ఎత్తు కంటే కీబోర్డు చాలా పైన ఉంది. చేతులు అక్కడికి చేరాలంటే భుజాలు చెవుల వైపు లేవాల్సిందే. అలా లేపి పట్టుకునే కండరం మెడ నుంచి భుజం కొస దాకా ఉంటుంది. గంటల తరబడి వదలకుండా పట్టుకుంటే బిగుసుకోక ఏమవుతుంది? కుడివైపు ఎక్కువ ఉండటానికి కారణం మౌస్. ఆ చెయ్యి ఇంకాస్త ముందుకు, బయటికి చాచి ఉంటుంది.

రెండోది ల్యాప్‌టాప్. తెర, కీబోర్డు ఒకే ముక్క కాబట్టి ఒకటి సరైన ఎత్తులో పెడితే రెండోది తప్పుతుంది. చేతులకు సరిపెడితే తల వంగుతుంది. తల బరువు దాదాపు 5 కిలోలు. అది భుజాల మీద నిలిచినంత సేపు మెడ వెనక కండరాలకు పెద్ద పని లేదు. ముందుకు వచ్చేకొద్దీ ఆ బరువును వెనక నుంచి లాగి పట్టుకోవాల్సింది అవే.

మూడోది ప్లాస్టిక్ కుర్చీ సీటు. వెనక గుంటగా ఉంటుంది. అందులోకి జారగానే కటి వెనక్కి దొర్లుతుంది, నడుము దగ్గర ఉండాల్సిన లోపలి వంపు పోతుంది, వెన్ను గూనిగా వస్తుంది, తల ఇంకా ముందుకు పోతుంది. మెడ నొప్పికి సీటు కారణం అంటే చాలామంది నమ్మరు గానీ ఇక్కడ మొదలయ్యేది అక్కడే.

నాలుగోది ఆ కింది అడ్డబండ. మోకాళ్లు లోపలికి పోవు, కాబట్టి కుర్చీ దూరంగా ఆగిపోతుంది. మనిషి ముందుకు వంగి టైపు చేస్తే కుర్చీ వీపు ఉన్నా లేనట్టే.

ఇప్పుడు ఈ ఐదు కొలతలు పెట్టండి. షాపులో వేసుకునే చెప్పులతోనే కొలవాలి. టేపు వేరేవాళ్లు పట్టాలి, మీరే తొంగి చూస్తే భుజం లేచి కొలత తప్పుతుంది.
1. నేల నుంచి సీటు ముందంచు, వెనక గుంట.
2. జబ్బ వదులుగా వేలాడదీసి మోచేయి మడిచి, కూర్చున్న చోటు నుంచి మోచేతి కింది ఎముక దాకా.
3. నేల నుంచి మోకాలి వెనక మడత దాకా.
4. కూర్చున్న చోటు నుంచి కంటి ఎత్తు.
5. పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా.

ఇంకొక మాట ముందే చెప్పాలి. నొప్పి మోకాలు దాటి కిందికి పాకి కాలు తిమ్మిరెక్కుతున్నా, పాదం ఎత్తడం కష్టమైనా, చేతిలోకి దిగి పట్టు తప్పుతున్నా, జ్వరం ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు ఎక్కువవుతున్నా కూర్చునే తీరు మార్చి చూద్దామని ఆగొద్దు. సర్వజన వైద్యశాలలో ఎముకల విభాగం ఓపీకి పోండి. తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం తెలియకపోవడం ఉంటే ఓపీ టైము చూడొద్దు, వెంటనే క్యాజువాలిటీకే.

కర్నూలు_డీటీపీ

అలాంటి లక్షణాలేవీ లేవు. కొలతలు ఇవి: సీటు ముందంచు 17, గుంట 15.5. మోచేయి 8.5. మోకాలి మడత 16. కన్ను 28.5. పిరుదుల నుంచి మోకాలి మడత 17.5. అన్నీ అంగుళాల్లోనే. కుర్చీ చేతులు నేల నుంచి 25.5 ఉన్నాయి. రెండు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి వేసి కూర్చుంటే చాలదా?

ఫిజియో_కడప

చాలదు. లెక్క చూడండి. గుంట 15.5, మోచేయి 8.5, కలిపి 24. ల్యాప్‌టాప్ మందంతో కలిపి మీటలు దాదాపు 31లో ఉన్నాయి. ఏడు అంగుళాల తేడా. ఇంత తేడా ఉంటే భుజం నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం.

సీటు పైకి ఎత్తి సరిపెట్టాలంటే కూర్చునే చోటు 22.5కి రావాలి. కుర్చీ మీద కుర్చీ వేసి అంత ఎత్తుకు పోయేలోపే దాని చేతులు పైబండకు తగులుతాయి, మీరు ఇంకా దూరం జరుగుతారు. చేతులు లేనిది తెచ్చినా పాదాలు ఆరున్నర అంగుళాలు గాల్లో ఉంటాయి, కింద అంత ఎత్తు పీట కావాలి. మామూలు రివాల్వింగ్ కుర్చీ 20, 21 అంగుళాలు దాటి లేవదు.

కాబట్టి మనిషిని ఎత్తడం కాదు, కీబోర్డును దించాలి. బండ కింద సొరుగులాంటి పలక పడితే సగం సమస్య అక్కడే తీరుతుంది. నాపబండకు అది ఎట్లా బిగించాలో చెక్కపని తెలిసినవాళ్లు చెప్పాలి.

చెక్కపని_తాడిపత్రి

బిగించొచ్చు, కానీ బండకు రంధ్రాలు పెట్టొద్దు. అంగుళం నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. అంచుకు దగ్గరగా డ్రిల్లు పెడితే పెచ్చు లేస్తుంది, లేదా సన్నగా చీలి కొన్నాళ్లకు బయటపడుతుంది. ఓనరుతో మాట కూడా వస్తుంది.

ఇట్లా చేయించండి. 18 మి.మీ. ప్లైవుడ్‌తో రెండు చెక్కలు కోయించి, నిలువు బండల లోపలి వైపు ఆనించి నిలబెట్టండి. అవి నేల మీద నిలబడాలి. అడ్డబండ తగిలే చోట గాడి కోయాలి. బండలు అతికించే ఎపాక్సీ రెండు మూడు చోట్ల పెడితే చెక్క కదలకుండా ఉంటుంది. బరువు మాత్రం గమ్ము మీద పడకూడదు, చెక్క గుండా నేలకు దిగాలి. గమ్ముకే వేలాడదీస్తే ఎండాకాలం షాపు వేడికి ఏదో ఒక రోజు ఊడుతుంది.

చెక్కల మీద టెలిస్కోపిక్ చానల్, అంటే సొరుగు జారడానికి వేసే పట్టాలు, బిగించాలి, 16 అంగుళాలది, పూర్తిగా బయటికి వచ్చే రకం. పాత పద్ధతి రోలర్ చానల్ వద్దు. అది ముప్పాతిక దాకే వస్తుంది, టైపు చేస్తుంటే పలక ఊగుతుంది. ఊగే పలక మీద చేతులు బిగబట్టుకుంటాయి.

పలక వెడల్పు లెక్క: 36 అంగుళాల్లో రెండు చెక్కల మందం ఒకటిన్నర, చానల్‌కు పక్కకు అర అంగుళం చొప్పున ఒకటి. మిగిలింది 33.5. కీబోర్డు, మౌస్ రెండూ పక్కపక్కన హాయిగా పడతాయి. లోతు 14 చాలు. దీనికీ 18 మి.మీ. ప్లైవుడ్డే వాడాలి, 12 మి.మీ. వేస్తే నడుమ కిందికి వంగుతుంది. ముందంచు గుండ్రంగా చిత్రిక పట్టించి ఇసుక కాగితం కొట్టించండి, ముంజేతికి గాడి పడదు.

ఎత్తు: పలక పైభాగం నేల నుంచి 26.5 అంగుళాలు ఉండేట్టు. అప్పుడు అడుగు భాగం 25.75 దగ్గర ఉంటుంది. ఇంకా కిందికి దించితే తొడలు తగులుతాయి.

అడ్డబండ సంగతి. అది ఇటుకల మీద ఊరికే పెట్టి అంచుల్లో సిమెంటు పూసిందేమో చూడండి. అట్లాగైతే ఓనరుకు చెప్పి తీసి పక్కన పెట్టొచ్చు, షాపు ఖాళీ చేసేటప్పుడు మళ్లీ పెట్టేయొచ్చు. తీయడానికి వీల్లేకపోతే పలకను 12 అంగుళాలు బయటికి లాగి పనిచేయండి. మీ కాళ్లు కౌంటరు బయటే ఉంటాయి, మోకాళ్ల ముందు కొస ఒక్కటే లోపలికి పోవాలి. పాదాల కోసం అడ్డబండ కింద ఉన్న ఖాళీలో కాగితం కట్టలు పెట్టొద్దు. పని అయ్యాక పలక లోపలికి తోసేస్తే కస్టమరుకు అడ్డం రాదు.

ఫిజియో_కడప

చక్కగా చెప్పినారు అన్నా. ఇప్పుడు మిగతా లెక్క సులువు. పలక 26.5, దాని మీద కీబోర్డు మందం సుమారు 1, మీటలు 27.5లో. మోచేయి 8.5 కాబట్టి కూర్చునే చోటు 19 ఉండాలి. మోకాలి మడత 16, అంటే పాదాల కింద 3 అంగుళాలు. మన నాటు ఇటుక పడుకోబెడితే సరిగ్గా అంతే. నాలుగైదు ఇటుకలు పక్కపక్కన పేర్చి పాత గోనెసంచి కప్పండి. రెండు పాదాలూ మడమలతో సహా ఆనాలి. వేళ్లు మాత్రమే ఆనితే పిక్కలు పట్టేస్తాయి.

కుర్చీకి పాత ఆఫీసు ఫర్నిచర్ అమ్మే చోట సెకండ్ హ్యాండ్ రివాల్వింగ్ కుర్చీ చూడండి. మీ బడ్జెట్‌లో కొత్త దాని కంటే అది గట్టిగా ఉంటుంది. కొనేటప్పుడు చూడాల్సినవి:

పూర్తిగా పైకి లేపి కూర్చుని పది నిమిషాలు ఆగండి. మెల్లగా కిందికి దిగిందంటే గ్యాస్ సిలిండర్ పోయినట్టు, వదిలేయండి.

19 అంగుళాలు అనేది మీరు కూర్చున్నాక ఉండాల్సిన ఎత్తు. ఫోమ్ ఒకటి, ఒకటిన్నర అంగుళం దిగుతుంది కాబట్టి ఖాళీ సీటు 20.5 దాకా లేవాలి. పాత ఫోమ్ గుంటపడి ఉంటే ఫోమ్ షాపులో రీబాండెడ్ అనే గట్టి రకం ముక్క 1 అంగుళంది కోయించి పైన వేయండి. మెత్తటి ఫోమ్ వద్దు, వారంలో అణిగిపోతుంది.

సీటు లోతు మీకు 16 దాటకూడదు. కుర్చీ వీపుకు ఆనుకుని కూర్చున్నప్పుడు మోకాలి వెనక రెండు మూడు వేళ్లు దూరాలి. ఎక్కువ లోతున్న సీట్లో పొట్టి మనుషులు ముందుకు జరిగి కూర్చుంటారు, వీపు గాలికే ఉంటుంది. లోతు ఎక్కువైతే వెనక గట్టి దిండు పెట్టి తగ్గించుకోవాలి.

చేతులు ఉంటే తీసేయండి. ఒక్కో వైపు రెండు మూడు అలెన్ బోల్టులుంటాయి. చేతులుంటేనే కదా మంచిది అంటారు. పలక కిందికి దూరని చేతులు మిమ్మల్ని పనికి దూరం చేస్తాయి, అందుకే తీయమంటున్నా.

చక్రాలు గట్టి నైలాన్‌వైతే పాలిష్ బండ మీద జారుతుంటాయి. జారే కుర్చీని కాళ్లతో ఆపుకుంటూ కూర్చుంటే తొడలు, నడుము బిగుస్తాయి. రబ్బరులా మెత్తగా ఉండే పీయూ (పాలీయురిథేన్) చక్రాలు వేయించండి.

నడుముకు: చేతి తువ్వాలు చుట్టి, రెండు కొసలా రబ్బరు బ్యాండు వేసి, నడుము పట్టీ కట్టుకునే ఎత్తులో పెట్టుకోండి. నొక్కితే ఒకటిన్నర అంగుళం మిగిలేంత లావు చాలు. లావు ఎక్కువైతే నడుము విల్లులా వంగి అరగంటలోనే నొప్పి పుడుతుంది. అందరూ చేసే తప్పు దాన్ని పైకి, పక్కటెముకల దగ్గర పెట్టడం. అక్కడ పెడితే మిమ్మల్ని ముందుకు తోస్తుందే తప్ప నడుముకు ఏమీ చేయదు.

టైపింగ్_అనంతపురం

కీబోర్డు, తెర గురించి నేను చెప్తాను. వైరున్న మామూలు కీబోర్డు ఏడెనిమిది వందల్లోపు వస్తుంది, ఖరీదైనది అక్కర్లేదు. వీలైతే పక్కన అంకెల మీటలు లేనిది తీసుకోండి. అంకెల భాగం మౌస్‌ను నాలుగు అంగుళాలు కుడికి నెట్టేస్తుంది. మీ కుడి భుజం నొప్పిలో దాని వాటా ఉంటుంది. ఫారాల్లో అంకెలు ఎక్కువ కొట్టాలంటే అంకెలున్నదే తీసుకోండి, కానీ కీబోర్డు మొత్తాన్ని మధ్యలో పెట్టకుండా జీ, హెచ్ మీటల మధ్య గీత మీ బొడ్డుకు ఎదురుగా వచ్చేట్టు పెట్టండి. కీబోర్డు వెనక మడత కాళ్లు ఎత్తొద్దు. అవి ఎత్తితే మణికట్టు పైకి విరిగి పనిచేస్తుంది. షిఫ్ట్ పట్టే చెయ్యి కూడా గమనించండి. తెలుగు లేఅవుట్లలో షిఫ్ట్ పని ఎక్కువ. ఒకే చేత్తో షిఫ్టూ మీటా రెండూ నొక్కేవాళ్లకు చిటికెన వేలి వైపు ముంజెయ్యి లాగేస్తుంది. కుడి చేతి మీటకు ఎడమ షిఫ్ట్, ఎడమ చేతి మీటకు కుడి షిఫ్ట్.

తెర ఎత్తు. మీరు 19లో కూర్చుంటే కన్ను 47.5లో ఉంటుంది. తెర పైఅంచు కంటి ఎత్తుకు కాస్త కింద, 46.5 దగ్గర ఉండాలి. కౌంటరు 30, తెరిచిన ల్యాప్‌టాప్ పైఅంచు సుమారు 9.5. అంటే కింద 7 అంగుళాలు ఎత్తు కావాలి. జిరాక్స్ షాపులో దీనికి స్టాండు కొనక్కర్లేదు. 500 కాగితాల ఏ4 రీము దాదాపు 2 అంగుళాలు. విప్పని రీములు మూడు, వాటి మీద అంగుళం మందం చెక్క. ల్యాప్‌టాప్ అడుగున గాలి పోయే సందులు మూయకుండా పెట్టండి.

దూరం: వెనక్కి ఆనుకుని చెయ్యి చాపితే వేళ్లు తెరకు తగలాలి. అది 60 సెం.మీ. అటూ ఇటుగా వస్తుంది. పలక బయటికి లాగి కూర్చుంటారు కాబట్టి రీములను గోడకు ఆనించకుండా ముందుకు జరపాలి.

ఇంత చేసినా మెడ ముందుకు పోతుందంటే కారణం అక్షరాల సైజు. తెలుగులో వొత్తులు, సున్నాలు చిన్నవి. 100 శాతంలో ప్రూఫ్ చూస్తే అది ‘ధ’నా, పొట్టలో చుక్క ఉన్న ‘థ’నా అని ముక్కు తెర దగ్గరికి పోతుంది. టైపు చేసేటప్పుడు, దిద్దేటప్పుడు 150 శాతానికి పెంచండి, పేజీ అమరిక చూసేటప్పుడు మాత్రం తగ్గించండి. ఇది పైసా ఖర్చు లేని పని, దీనంత తేడా చూపించేది ఇంకోటి లేదు.

కాపీ పెట్టే చోటు: చేతిరాత కాగితం ఎడమ పక్కన బండ మీద పడేసి చూసి కొడితే ప్రతి వాక్యానికీ మెడ కిందికి, పక్కకు, మళ్లీ పైకి తిరుగుతుంది. పిల్లలు పరీక్షకు తీసుకుపోయే క్లిప్పు అట్ట ఉంటుంది కదా, దానికి కాగితం తగిలించి తెర పక్కనే, తెర ఎత్తులోనే ఏటవాలుగా నిలబెట్టండి. రోజూ పేజీలకు పేజీలు కొట్టే రకమైతే కాపీ సరిగ్గా ఎదురుగా, తెర కాస్త పక్కకు పెట్టినా తప్పులేదు. ఏది ఎక్కువ చూస్తారో అది ఎదురుగా. పాతకాలం బట్టల కొట్లలో గుమాస్తాలు వాలుబల్ల పెట్టుకుని పద్దులు రాసేవాళ్లు, పుస్తకం కంటి దగ్గరికి వస్తే మెడ అంతగా వంగదు.

షాపు తలుపు వైపు నుంచి ఎండ వెలుతురు తెర మీద పడుతుంటే తప్పించుకోవడానికి తల వాలుస్తారు, మీకే తెలియదు. తెరను తలుపుకు అడ్డంగా, వెలుతురు పక్క నుంచి వచ్చేట్టు తిప్పుకోండి. కస్టమరు వచ్చినప్పుడు నడుము మెలితిప్పకుండా కుర్చీతో సహా తిరగండి. వేలిముద్ర మెషీన్ కూడా చెయ్యి చాచకుండా అందే చోటే పెట్టుకోండి.

ఆపరేటర్_ధర్మవరం

ఇన్ని కొలతలు ఎందుకండీ? నడుము, మోకాలు, మోచేయి మూడూ 90 డిగ్రీలు పెట్టి నిటారుగా కూర్చుంటే చాలు కదా. వంగిపోకుండా భుజాలను వెనక్కి లాగే బెల్టు కూడా దొరుకుతుంది.

ఫిజియో_కడప

90 డిగ్రీలు అనేది బల్ల, కుర్చీ కొలత చూసుకోవడానికి పనికొస్తుంది. రోజంతా ఆ భంగిమలో బిగిసి ఉండమని కాదు. నిటారుగా నిలబెట్టిన వెన్నును పట్టుకునేది కండరాలే, అవి అరగంటకు అలసిపోతాయి, ఆ తర్వాత మనిషి ఒక్కసారిగా కూలబడతాడు. కుర్చీ వీపును 100 నుంచి 110 డిగ్రీల దాకా వెనక్కి వాల్చి ఆనుకుంటే పైశరీరం బరువు కొంత కుర్చీ మోస్తుంది. ఎంత మంచి భంగిమైనా గంట సేపు కదలకపోతే నొప్పి వస్తుంది. మార్చుకుంటూ ఉండటమే ముఖ్యం.

బెల్టు సంగతి అక్క కూడా అడిగారు. భుజాల బెల్టు వెనక్కి లాగినంత సేపే లాగుతుంది, తీయగానే మామూలే. చంకలో పట్టీ బిగుసుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. నడుము బెల్టు డాక్టరు చెప్పిన కారణానికి, చెప్పిన రోజులకే. కర్నూలు ఎండల్లో రోజంతా బెల్టుతో కూర్చుంటే చెమటకు చర్మం పాసిపోతుంది, కీబోర్డు మాత్రం ఆ ఏడు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. అక్కా, ఆ డబ్బు పలకకు పెట్టండి.

అరగంటకు ఒకసారి లేవాలి, నిమిషమైనా చాలు. గుర్తుండదు కాబట్టి లేవక తప్పని ఏర్పాటు చేసుకోండి. ప్రింటరు చేతికందే చోటు నుంచి తీసి నాలుగడుగుల అవతల పెట్టండి. నీళ్లకు రెండు లీటర్ల బాటిల్ కాకుండా చెంబు పెట్టుకోండి, నింపడానికైనా లేస్తారు.

లేచినప్పుడు చేయాల్సినవి మూడే.

మొదటిది గడ్డం వెనక్కి లాగడం. తల వెనక భాగం గోడకు దగ్గరగా ఉండేట్టు నిలబడండి. చూపు ఎదురుగా ఒక అక్షరం మీద పెట్టి, తల పైకీ కిందికీ ఊగకుండా, సొరుగు లోపలికి తోసినట్టు గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగండి. గడ్డం కింద మడతలు పడతాయి, తల వెనక ఎముక కింద లాగినట్టు తెలుస్తుంది. ఐదు సెకన్లు పట్టి వదలండి, పది సార్లు. కిందికి చూస్తూ చేసేవాళ్లు గడ్డాన్ని ఛాతీకి అదుముతారు, అది వేరే కదలిక, దీని పని చేయదు. పైకి చూస్తూ చేస్తే మెడ వెనక నొక్కుకుంటుంది. చేస్తుంటే చేతిలోకి కరెంటు పాకినట్టు ఉంటే ఆపేసి చూపించుకోండి.

రెండోది షాపు తలుపు ఫ్రేము దగ్గర. మోచేతులు భుజం ఎత్తులో రెండు పక్కలా ఆనించి ఒక కాలు ముందుకు వేయండి. ఛాతీ ముందు భాగం సాగాలి, 30 సెకన్లు, రెండు సార్లు. నడుము ముందుకు తోయొద్దు. భుజం ముందు పొడిచినట్టు ఉంటే మోచేతులు కాస్త దించండి.

మూడోది నడుముకు. అరచేతులు నడుము వెనక పెట్టుకుని, మోకాళ్లు వంచకుండా మెల్లగా వెనక్కి వంగి వెంటనే లేవాలి, పది సార్లు. వంగినప్పుడు నడుములోనే కాస్త పట్టినట్టు ఉంటే ఫర్వాలేదు. కాలిలోకి పాకితే మానేయాలి.

మొదటి వారం కొత్త చోట్ల సలుపు ఉంటుంది, అన్నాళ్లూ పని చేయని కండరాలు అవి. రెండు మూడు వారాల్లో మధ్యాహ్నం బిగువు తగ్గడం మొదలవ్వాలి. ఏమాత్రం తేడా లేకపోతే ఒకసారి చూపించుకోండి.

కర్నూలు_డీటీపీ

అందరికీ ధన్యవాదాలు. అడ్డబండ ఇటుకల మీదే ఉంది, సిమెంటు అంచుల్లోనే. తీసుకోవడానికి ఓనరు సరే అన్నారు. పలకకు కొలతలు ఇచ్చేశాను. ఒక్క సందేహం మిగిలింది. సాయంత్రం ఆరు తర్వాత మా పెదనాన్న అదే చోట కూర్చుంటారు. ఆయన 5 అడుగుల 8, బైఫోకల్ అద్దాలు. కొలిస్తే మోచేయి 9.5, మోకాలి మడత 17.5, కన్ను 31 వచ్చింది. రోజూ రీములు, ఇటుకలు అన్నీ మార్చాలా?

టైపింగ్_అనంతపురం

రీములు ముట్టుకోవద్దమ్మా. మీటలు 27.5, ఆయన మోచేయి 9.5, కాబట్టి ఆయనకు సీటు 18. కుర్చీ ఒక అంగుళం దించితే చాలు. మోకాలి మడత 17.5, తేడా అర అంగుళమే కాబట్టి ఇటుకలు అక్కర్లేదు, పాదాలు నేలకు ఆనుతాయి. గోనెసంచితో సహా ఇటుకలను కాలితో లోపలికి నెట్టేసేట్టు ఒక పలక ముక్క మీద పేర్చి పెట్టండి, రోజూ ఎత్తే పని ఉండదు.

ఆయన కన్ను 49కి వస్తుంది. మామూలు అద్దాలైతే తెర ఒకటిన్నర అంగుళం పైకి ఎత్తమనేవాళ్లం. బైఫోకల్‌లో దగ్గరి చూపు కింది భాగంలో ఉంటుంది కాబట్టి ఎత్తున్న తెరను చూడటానికి గడ్డం పైకెత్తుతారు, మెడ వెనక నొక్కుకుంటుంది. వాళ్లకు తెర కంటి కంటే రెండు మూడు అంగుళాలు కిందే ఉండాలి. మీ 46.5 ఆయనకు సరిగ్గా అక్కడికే వస్తుంది. తెరను మాత్రం ఇంకాస్త వెనక్కి వాల్చాలి. అయినా గడ్డం ఎత్తుతున్నారంటే అద్దాల షాపులో తెర దూరం, ఆ 60 సెం.మీ. కొలిచి చెప్పి, కంప్యూటర్ పనికి విడిగా ఒకే పవర్ ఉన్న అద్దాలు చేయించుకోమనండి. పుస్తకం చదివే పవర్ 40 సెం.మీ. దూరానికి ఇస్తారు, తెరకు అది సరిపోదు.

చెక్కపని_తాడిపత్రి

అమ్మా, వడ్రంగికి ఇంకొక మాట చెప్పండి. చానల్ రంధ్రాల్లో పొడుగ్గా ఉండేవి కొన్ని ఉంటాయి, ముందు వాటిలోనే స్క్రూలు వేసి పలక పెట్టి, మీరు కుర్చీలో కూర్చుని ఒక పేజీ టైపు చేసి చూడండి. తొడకు తగిలినా, భుజం లేచినా కొద్దిగా పైకి కిందికి జరపడానికి అప్పుడే వీలవుతుంది. సరిపోయాక గుండ్రటి రంధ్రాల్లో స్క్రూలు బిగించమనండి. అడ్డబండ తీసేస్తున్నారు కాబట్టి చెక్కలకు గాడి కోయాల్సిన పని లేదు. తీసిన బండను మాత్రం పడుకోబెట్టకుండా గోడకు నిలువుగా ఆనించి పెట్టండి, పడుకోబెట్టి ఎవరైనా కాలు పెడితే విరుగుతుంది.